చెన్నై నుంచి ఓడ ఎక్కుతున్నారా? ముందు రాత్రి, దిగిన రోజు ఇలా ప్లాన్ చేసుకోండి

చెన్నై హార్బర్ నుంచి క్రూయిజ్ బుక్ చేసుకున్న మనవాళ్ళలో ఎక్కువమంది ప్లాన్ ఒకేలా ఉంటుంది. రాత్రి రైలెక్కుతారు, తెల్లారి సెంట్రల్‌లో దిగుతారు, స్టేషన్ ఎదురుగా టిఫిన్ తిని ఆటోలో నేరుగా హార్బర్‌కి వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే: ఓడ దిగడం, ఆటో, సెంట్రల్. విజయవాడ నుంచి ఫోన్ చేసి మా బాబాయి కూడా ఇదే చెప్పాడు. "ఒక రోజు ముందే వచ్చెయ్ బాబాయ్" అన్నాను. "హార్బర్ పక్కన చూడ్డానికి ఏముంటుందిరా, లారీలు తప్ప?" అన్నాడు.

చాలా ఉంది. ఈ ఊరు పుట్టిందే ఓడల వ్యాపారం కోసం. పాత చెన్నపట్నం మొత్తం హార్బర్ గోడను ఆనుకునే ఉంది. కోట, హైకోర్టు, జార్జ్‌టౌన్ వీధులు, పాత గుళ్ళు అన్నీ ఓడ ఆగే చోటికి రెండు మూడు కిలోమీటర్ల లోపే. అందులో మన తెలుగువాళ్ళ చరిత్ర ఎంత ఉందో ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకే సరిగ్గా తెలియదు. అందుకే ఓడ ప్రయాణానికి వచ్చేవాళ్ళు ఈ ఊరిని వెయిటింగ్ రూమ్‌లా వాడుకుని వెళ్ళిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. ఒక రాత్రి, ఒక పగలు కలిపితే చాలు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది సరిగ్గా అమర్చుకోవాలి, అంతే.

ముందుగా తేల్చుకోవాల్సింది: ఓడకి ముందా, తర్వాతా?

రెండు వైపులా ఉండగలిగితే మంచిదే. ఒక్క రాత్రికే సెలవు, డబ్బు సరిపోతాయంటే మాత్రం అది ఓడ ఎక్కే ముందు రాత్రే కావాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. రైలు తప్పితే ఇంకో రైలు ఉంటుంది. ఓడ తప్పితే మొత్తం ట్రిప్పు డబ్బులూ పోయినట్టే. పైగా బోర్డింగ్ ఓడ కదిలే సమయం దాకా ఉండదు, అంతకు చాలా ముందే మూసేస్తారు. టికెట్ మీద ఓడ బయల్దేరే టైము చూసి లెక్క వేసుకోకండి. చెక్‌ఇన్ ఎప్పుడు మూస్తారో చూసి, దాన్నిబట్టి వెనక్కి లెక్క కట్టుకోండి.

గూడూరు దగ్గర రైలు రెండు గంటలు ఆగిపోవడం మనకు కొత్త కాదు. అదే రోజు పొద్దున్న దిగే రైలు నమ్ముకుంటే ఆ రెండు గంటలూ కుటుంబం మొత్తానికి టెన్షన్. ముందు రోజు దిగితే రైలు ఎంత ఆలస్యమైనా ఓ దర్శనమో, ఓ వీధో తగ్గుతుంది తప్ప ఓడ పోదు.

తేదీలు, వారాలు చూసుకోవడం

చెన్నై నుంచి ఓడలు ఏడాదంతా ఒకేలా నడవవు. కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో ఇక్కడి నుంచి విశాఖ, పుదుచ్చేరి వైపు మొదలైంది. 2023 జూన్‌లో శ్రీలంక ప్రయాణాలు కూడా వచ్చాయి. సీజన్ మారితే ఓడే వేరే రేవుకి వెళ్ళిపోతుంది. అందుకని ఓడ టికెట్ ఖాయమయ్యాకే రూము, రైలు బుక్ చేయండి. రూము కూడా క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వచ్చేదే తీసుకోండి, కొన్ని రూపాయలు ఎక్కువైనా సరే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలు. బంగాళాఖాతంలో తుపాను పుట్టే కాలం కూడా ఇదే. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు చెన్నై విమానాశ్రయం రన్‌వే మూసేశారు, రైళ్ళు ఆగిపోయాయి, వీధులు మునిగాయి. ఆ నెలల్లో వస్తే ముందు ఒక్క రాత్రి కాకుండా రెండు రాత్రులు పెట్టుకోండి. ఓడ కంపెనీకి ఇచ్చిన ఫోన్ నంబరు ప్రయాణంలో మీ దగ్గర ఉండేదే అయి ఉండాలి, టైము మారితే కబురు దానికే వస్తుంది. ఏప్రిల్, మే, జూన్‌లలో వర్షం గొడవ లేదు గానీ పదకొండు దాటాక రోడ్డు మీద నడవలేం. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి. ఆగస్టులో వచ్చేవాళ్ళకు ఇంకో లాభం: ఆగస్టు 22 మద్రాసు డే. ఆ రోజుల్లో ఊరి చరిత్ర తెలిసినవాళ్ళు పాత వీధుల్లో హెరిటేజ్ వాక్‌లు నడిపిస్తారు. దొరికితే తప్పక చేరండి.

ఇక వారం. కోటలోని మ్యూజియానికీ, ఎగ్మూరు మ్యూజియానికీ రెండింటికీ శుక్రవారమే సెలవు. మీ ఖాళీ రోజు శుక్రవారం పడితే ఈ రెండూ పోతాయి, కాబట్టి ఆ రోజుకి గుళ్ళు, వీధులు పెట్టుకోండి. ఆదివారం జార్జ్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. కొనడానికి పనికిరాదు, నడవడానికి మాత్రం ఆదివారం పొద్దున్నను మించింది లేదు. మామూలు రోజుల్లో తోపుడుబళ్ళు, మూటలు, ట్రైసైకిళ్ళ మధ్య తల ఎత్తి చూడ్డానికే కుదరని పాత మేడలు ఆ రోజు కనిపిస్తాయి.

రూము ఎక్కడ తీసుకోవాలి

ముందు రాత్రికి నా ఓటు ఎగ్మూరుకే. కెన్నెట్ లేన్, ఆ చుట్టుపక్కల వీధుల్లో అన్ని ధరల లాడ్జీలూ ఉన్నాయి, కుటుంబాలతో ఉండొచ్చు, తిండికి ఇబ్బంది లేదు. అక్కడి నుంచి హార్బర్‌కి ఆటోలో వెళ్ళడం సులువు. సెంట్రల్ ఎదురుగా, పెరియమేట వైపు కూడా లాడ్జీలు దొరుకుతాయి. స్టేషన్‌కి దగ్గర గానీ రాత్రంతా హారన్ల మోత.

సౌకార్‌పేట, జార్జ్‌టౌన్ లోపల రూములు చౌకగా వస్తాయి, పాత ఊరి మధ్యలోనే ఉన్నట్టుంటుంది. కుర్రవాళ్ళయితే నిరభ్యంతరంగా తీసుకోండి. పెద్దవాళ్ళు, పెద్ద సూట్‌కేసులు ఉంటే వద్దు. పగటిపూట ఆ సందుల్లోకి ఆటో రావడమే గగనం, చాలా లాడ్జీలకు లిఫ్ట్ ఉండదు. దిగిన తర్వాత కూడా ఒక రాత్రి ఉండేటట్టయితే దానికి మైలాపూర్ బాగుంటుంది. హార్బర్‌కి దూరమైనా అప్పుడు తొందర ఉండదు కదా.

రూము మాట్లాడేటప్పుడే ఒక విషయం అడగండి: ఓడ మీద ఉన్న రోజుల్లో కొంత లగేజీ వాళ్ళ దగ్గర ఉంచుకుంటారా అని. తిరిగి వచ్చాక అదే హోటల్లో దిగుతామంటే చాలామంది ఒప్పుకుంటారు. తిరుపతి వెళ్ళి వచ్చిన సామాను, చలికోట్లు, చీరల మూటలు అన్నీ ఓడ క్యాబిన్‌లోకి మోసుకెళ్ళనక్కర్లేదు. చిన్న బ్యాగు చాలు.

విమానంలో వచ్చేవాళ్ళకు: ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో బ్లూ లైన్ మారకుండా నేరుగా సెంట్రల్, హైకోర్టు, మన్నడి స్టేషన్ల దాకా వస్తుంది. ఎగ్మూరుకైతే సెంట్రల్‌లో గ్రీన్ లైన్‌కి మారితే తర్వాతి స్టేషనే.

ముందు రోజు పొద్దున్న: కోట

పొద్దున్నే దిగి, రూములో స్నానం, టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నరకల్లా సెయింట్ జార్జి కోట దగ్గర ఉండండి. సెక్రటేరియట్, అసెంబ్లీ అక్కడే కాబట్టి గేటు దగ్గర బ్యాగులు, గుర్తింపు కార్డులు చూస్తారు. ఆధార్ చేతిలో ఉంచుకోండి, పెద్ద బ్యాగు రూములోనే వదిలేయండి. అసెంబ్లీ జరిగే రోజుల్లో తనిఖీ ఇంకా గట్టిగా ఉంటుంది. శనివారం, ఆదివారం ప్రశాంతం.

లోపలికి వెళ్ళే ముందు ఈ కథ తెలిసుంటే చూసేది వేరుగా కనిపిస్తుంది. 1639లో ఈ ఇసుక తీరాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు. విజయనగర రాజుల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన తెలుగు నాయకుడాయన. కంపెనీ తరఫున వచ్చినవాడు ఫ్రాన్సిస్ డే, మధ్యలో మాట కలిపిన దుబాసీ బేరి తిమ్మప్ప. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే కోట పక్కన లేచిన ఊరు చెన్నపట్నం అయింది. 1640లో కోట పని మొదలైంది. అప్పుడు ఇక్కడ రేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకి తెచ్చేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకి నిలవదని చెక్కల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. మీరు రేపు ఏసీ టెర్మినల్లోంచి నడుచుకుంటూ ఓడ ఎక్కే చోట రెండున్నర శతాబ్దాల పాటు జనం ప్రాణాలు అరచేత పెట్టుకుని ఒడ్డు చేరారు. కట్టుడు హార్బర్ పని 1875లో మొదలైంది. అది పూర్తికావస్తుండగా 1881 తుపాను చాలావరకు కొట్టుకుపోయేలా చేస్తే మళ్ళీ కట్టారు.

కోటలో రెండు చూస్తే చాలు. ఒకటి మ్యూజియం. నాణేలు, కత్తులు, పింగాణీ, దొరల నిలువెత్తు చిత్రపటాలు ఉన్నాయి. 1947 ఆగస్టు 15న ఈ కోట మీద ఎగరేసిన జాతీయ జెండాను ఇక్కడే భద్రపరిచారు. పిల్లలుంటే ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళండి. రెండోది సెయింట్ మేరీస్ చర్చి. 1680 నాటిది. ఫిరంగి గుండ్లు పడ్డా తట్టుకునేలా పైకప్పు మందంగా, కమానులా కట్టారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది. తర్వాత మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్ పెళ్ళీ ఇక్కడే, చర్చి తెరిచిన ఏడాదే. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. చర్చి చుట్టూ నేల మీద పరిచిన సమాధి రాళ్ళను ఆగి చదవండి. ఇరవై ఏళ్ళకే, పాతికేళ్ళకే పోయినవాళ్ళు ఎందరో.

పదకొండున్నరకి బయటపడి ఆటోలో అర్మేనియన్ వీధికి వెళ్ళండి. దారిలో హైకోర్టు ఎర్ర గోపురాలు కనిపిస్తాయి. 1892లో తెరిచిన భవనం. ఎత్తైన గోపురం మీద దీపం పెట్టి దాన్నే లైట్‌హౌస్‌గా వాడారు, మెరీనాలో కొత్తది 1977లో వచ్చేదాకా. హైకోర్టు తూర్పు గోడకి, హార్బర్ వైపు, ఒక శిలాఫలకం ఉంది: 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు పేల్చినప్పుడు ఒకటి పడిన చోటు అది. ఆ రాత్రి హార్బర్‌లో నూనె ట్యాంకులు తగలబడ్డాయి, భయపడి వేలమంది ఊరు వదిలి వెళ్ళిపోయారు.

అర్మేనియన్ చర్చి 1772 నాటిది. లోపల అడుగుపెడితే వీధి గోల ఒక్కసారిగా ఆగిపోతుంది. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక 1794లో మద్రాసులోనే వెలువడింది. దాన్ని నడిపిన ష్మవోనియన్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. ఇది మధ్యాహ్నం దాటితే మూసేస్తారు, అందుకే కోట అవ్వగానే ఇక్కడికి రమ్మంటున్నాను.

భోజనం చేసి రూముకి వెళ్ళి పడుకోండి. ఈ ఎండలో మధ్యాహ్నం తిరిగి సాధించేదేమీ లేదు, గుళ్ళు కూడా నాలుగింటి దాకా తెరవరు.

ముందు రోజు సాయంత్రం: జార్జ్‌టౌన్ నడక

నాలుగున్నరకి హైకోర్టు లేదా మన్నడి మెట్రోలో దిగండి. అప్పటికి సముద్రపు గాలి కూడా తిరిగి ఉంటుంది. ఇక్కడి నుంచి కాలినడకే. చెప్పులు తేలికగా విప్పేవి వేసుకోండి, పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

మొదట తంబు చెట్టి వీధిలో కాళికాంబ గుడి. 1677లో శివాజీ దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఇక్కడికి వచ్చి మొక్కుకున్నాడని గుడిలో రాసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం అడుగు పెట్టే చోటుండదు, మిగతా రోజుల్లో ప్రశాంతంగా దర్శనం అవుతుంది. అక్కడి నుంచి బందరు వీధి దగ్గరే. త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు ఆ వీధిలో కోవూరు సుందరేశ ముదలియార్ ఇంట బస చేశారు. ఇప్పుడు చూపించడానికి ఆ ఇల్లంటూ ఏమీ లేదు, అన్నీ కొట్లే. అయినా సంగీతం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఆ వీధిలో ఓ పది నిమిషాలు నడవాలని నా కోరిక. తెలుగు కీర్తన తమిళ నాట ఎలా ఊపిరి పోసుకుందో అర్థమయ్యే చోట్లలో ఇది ఒకటి.

తర్వాత ఎన్ఎస్‌సీ బోస్ రోడ్డు దాటి పూలబజారు వైపు రండి. దేవరాజ ముదలి వీధి దగ్గర చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వర జంట గుళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఈ పట్నానికి తొలి గుళ్ళు ఇవే. మొదట్లో ఇవి ఇప్పుడు హైకోర్టున్న చోట ఉండేవి. 18వ శతాబ్దంలో కోట రక్షణ కోసం కంపెనీ వాటిని పడగొట్టి, బదులుగా ఇక్కడ స్థలం ఇస్తే మళ్ళీ కట్టారు. గుడి ముందు మల్లెలు, కనకాంబరాలు గుట్టలుగా పోసి అమ్ముతుంటారు. ఊళ్ళో మూర కొనే ధర వేరు, ఇక్కడి ధర వేరు. ఆడవాళ్ళు రేపు ఓడలో పెట్టుకోవడానికి కొంటారు గానీ, సాయంత్రానికి వాడిపోతాయి, ఈ రాత్రికి సరిపడా కొనుక్కోండి చాలు.

ఈ పేటంతా పాత రోజుల్లో పెద్దనాయకన్‌పేట. ఊరి కాపలా బాధ్యత వంశపారంపర్యంగా చూసిన పెద్ద నాయకుడి పేరిట వచ్చింది. వీధుల పేర్లు చదువుతూ నడవండి: గోవిందప్ప నాయకన్ వీధి, ఆదియప్ప నాయకన్ వీధి. కొత్వాల్ చావడిలో మన కోమట్ల కన్యకా పరమేశ్వరి దేవస్థానం ఉంది. 1996లో కోయంబేడుకి మార్చేదాకా ఊరందరి కూరగాయల బజారు కొత్వాల్ చావడే. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల కిరాణా కొట్లలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పేవాళ్ళున్నారు. మొహమాటపడకుండా "అన్నా" అని పలకరించండి, దారి కూడా వాళ్ళే చూపిస్తారు.

చీకటి పడ్డాక మింట్ స్ట్రీట్. గుజరాతీలు, మార్వాడీలు ఎక్కువగా ఉండే సౌకార్‌పేట ఇది. కాకడా రాంప్రసాద్‌లో వేడి జిలేబీ, బాదం పాలు. ఎన్ఎస్‌సీ బోస్ రోడ్డులో సీనాభాయ్ టిఫిన్ సెంటర్ సాయంత్రాలే తెరుస్తారు. నేతిలో తేలే ఊతప్పం, ఇడ్లీ అక్కడి ప్రత్యేకం. బీచ్ స్టేషన్ ఎదురు సందుల్లో బర్మా నూడుల్స్ వంటకం "అత్తో" అమ్మే బళ్ళుంటాయి. రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఈ ఊరికి తెచ్చిన తిండి. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేల కుటుంబాలు రంగూన్ ఓడలెక్కాయో తాతల నోట విన్నవాళ్ళకి ఆ బండి దగ్గర నిలబడి తినడం మామూలు తిండిలా ఉండదు.

అయితే రేపు ఓడ. అన్నీ రుచి చూడండి, కడుపు నిండా మాత్రం తినకండి. రోడ్డు పక్కన పచ్చి చట్నీ, ఐసు వేసిన రసం ఈ ఒక్క రాత్రికి మానేయండి. ఓడలో కడుపు పాడైతే డాక్టరు ఉంటాడు గానీ ఖర్చు ఎక్కువ, క్యాబిన్‌లోంచి బయటికి రాలేని సెలవు ఎవరికి కావాలి? సముద్రపు ఊపు పడనివాళ్ళు డాక్టరుని అడిగి మాత్రలు ఈ సాయంత్రమే కొనుక్కోండి. వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయవు.

ఓడ ఎక్కే రోజు

ఈ రోజు ఏ దర్శనమూ పెట్టుకోకండి. కపాలీశ్వరుడిని చూసి వచ్చేద్దాం అని మైలాపూర్ బయల్దేరి, తిరుగు దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకునే కుటుంబాలను చూస్తూనే ఉంటాను.

రాత్రే కాగితాలు ఒక కవర్లో సర్దుకోండి: బోర్డింగ్ పాస్ ప్రింటు, అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు, పిల్లలవి కూడా. శ్రీలంక వెళ్ళే ఓడ అయితే ఆరు నెలలకు పైగా గడువున్న పాస్‌పోర్టు, ఆ దేశం అడిగే ప్రయాణ అనుమతి. ఇక్కడ మనవాళ్ళకు తరచుగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టికెట్‌లో అసలు లేకపోవడం. బుక్ చేసేటప్పుడే మీరు గేటు దగ్గర చూపించబోయే కార్డులో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా రాయండి. తప్పు కనిపిస్తే వెంటనే ఓడ కంపెనీకి మెయిల్ పెట్టి సరి చేయించుకోండి, చివరి రోజు దాకా ఆగొద్దు.

హార్బర్‌కి గేట్లు చాలా ఉన్నాయి. "హార్బర్" అని మాత్రమే చెబితే ఆటో అతను తనకు తెలిసిన గేటు దగ్గర దింపుతాడు. బోర్డింగ్ కాగితంలో రాసిన గేటు నంబరు చెప్పి ఎక్కండి. మెట్రోలో మన్నడి దగ్గరే కదా అని సూట్‌కేసులు ఈడ్చుకుంటూ రాజాజీ సాలై దాటే పని పెట్టుకోకండి. ఆ రోడ్డు మీద బస్సులు, లారీలు ఆగవు. ఎగ్మూరు నుంచి బయల్దేరితే మామూలుగా పట్టే సమయానికి ఒక గంట కలుపుకోండి. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, మద్యం లాంటివి ఓడల్లో మామూలుగా అనుమతించరు. ఊరగాయ జాడీ సంగతి కూడా ముందే కంపెనీ జాబితాలో చూసుకోండి.

దిగిన రోజు

ఓడ పొద్దున్నే రేవుకి చేరినా మీరు బయటపడేసరికి ఆలస్యమవుతుంది. విదేశం నుంచి వస్తే ఇమిగ్రేషన్, కస్టమ్స్ లైన్లు కూడా ఉంటాయి. తిరుగు విమానమైతే మధ్యాహ్నం మూడు తర్వాతది, రైలైతే సాయంత్రం లేదా రాత్రిది తీసుకోండి. కొంతమందికి ఓడ దిగాక కూడా నేల ఊగుతున్నట్టు ఒకటి రెండు రోజులు ఉంటుంది, కాబట్టి ఈ రోజు కాళ్ళకి పని తక్కువ పెట్టాలి.

ముందు సామాను వదిలించుకోండి. హోటల్లో ఇంకో రాత్రి లేకపోతే సెంట్రల్ క్లోక్‌రూమ్ ఉంది. రైలు టికెట్ చూపించాలి, ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. జిప్పుకి వేసే చిన్న తాళాలు ఇంటి దగ్గరే కొనుక్కుని రండి.

తర్వాత ఎగ్మూరు మ్యూజియం. ఒక్కటే చూసే ఓపిక ఉంటే అది అమరావతి శిల్పాల గది కావాలి. గుంటూరు సీమలో కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ నాడు చెక్కిన పాలరాయి లాంటి సున్నపురాళ్ళవి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి తీసిన శిల్పాలను మద్రాసు చేర్చారు. ఇక్కడ ఏళ్ళ తరబడి పడి ఉన్నాక 1859లో ఓడెక్కించి లండన్ పంపేశారు, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం ఈ గదిలో మిగిలింది. మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసే ఫలకం దగ్గర కాసేపు ఆగండి. ఒకే చిన్న గుండ్రటి రాతిలో ముందు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కేయడం, తర్వాత బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లడం రెండూ ఉంటాయి. మేడ మీద కిటికీల్లోంచి ఆడవాళ్ళు చూస్తుంటారు. అమరావతి దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఇవి చూడకపోతే అమరావతిని సగమే చూసినట్టు.

మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి అయ్యాక మైలాపూర్. సెంట్రల్ ఎదురుగా పార్క్ టౌన్ స్టేషన్ నుంచి ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలెక్కితే తిరుమయిలై స్టేషన్‌లో దిగొచ్చు. కపాలీశ్వర గుడి నాలుగింటికి తెరుస్తారు. దర్శనం, కోనేటి చుట్టూ ఒక నడక, వీధి చివర కాళత్తి కొట్లో రోజ్ మిల్క్. దగ్గరే లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీద ఉన్నది. పెద్దవాళ్ళు కూర్చోడానికి నీడ, బెంచీలు ఉంటాయి.

అక్కడి నుంచి రాయపేట హైరోడ్డులో అమరజీవి స్మారక భవనానికి తప్పకుండా వెళ్ళండి. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు బులుసు సాంబమూర్తి గారి ఈ ఇంట్లోనే నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి ఇక్కడే కన్నుమూశారు. మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. స్కూల్లో ప్రతి తెలుగు పిల్లవాడూ ఈ పాఠం చదువుతాడు. ఆ ఇల్లు చెన్నైలో ఉందని, లోపలికి వెళ్ళి చూడొచ్చని వచ్చినవాళ్ళలో చాలామందికి తెలియదు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి చూపించండి. సాయంత్రం ఆలస్యమైతే మూసేస్తారు కాబట్టి గుడి కంటే ముందే ఇక్కడికి వచ్చినా మంచిదే.

మెరీనా బీచ్ గురించి ప్రత్యేకంగా చెప్పడం లేదు. రోజుల తరబడి సముద్రం మీదే ఉండి వచ్చారు కదా, టైము లేకపోతే వదిలేయండి.

తిరుగు రైలు

టికెట్ మీద స్టేషన్ పేరు మళ్ళీ ఒకసారి చదవండి. మన వైపు రైళ్ళన్నీ సెంట్రల్ నుంచే అనుకుంటారు, కొన్ని ఎగ్మూరు నుంచి, కొన్ని తాంబరం నుంచి కూడా బయల్దేరతాయి. తాంబరం అయితే మైలాపూర్ నుంచి కనీసం రెండు గంటల ముందు కదలాలి, సామాను సెంట్రల్‌లో పెట్టకుండా వెంటే ఉంచుకోవాలి. సెంట్రల్ అయితే క్లోక్‌రూమ్ దగ్గర లైను ఉంటుంది, రైలుకి గంట ముందే వెళ్ళి బ్యాగులు తీసుకోండి. రాత్రికి ఇడ్లీ, పెరుగన్నం మైలాపూర్‌లోనే పొట్లం కట్టించుకుంటే స్టేషన్‌లో వెతుక్కునే పని ఉండదు.